అడకత్తెర విలువ తెలిసిన మనిషి

పుణెలో బాజీరావు రోడ్డు దగ్గర 'రాజా దినకర్ కేళ్కర్ మ్యూజియం' అన్న బోర్డు చూసి, ఎవరో సంస్థానం రాజుగారు కట్టించిన భవనం అనుకునేవాళ్లు చాలామంది. ఆ పేరు అలాంటిది మరి. కానీ దినకర్ గంగాధర్ కేళ్కర్‌కు సంస్థానం లేదు, జాగీరు లేదు. కళ్లద్దాల వ్యాపారం చేసుకుంటూ బతికిన మధ్యతరగతి మనిషి ఆయన. బోర్డు మీద ఉన్న 'రాజా' బిరుదు కాదు, పసితనంలోనే పోయిన ఆయన కొడుకు పేరు.

మహారాష్ట్రలో తరాలుగా ఉంటున్న మనవాళ్లు పుణె వెళ్తే శనివార్ వాడా చూస్తారు, దగడూశేఠ్ గణపతికి దండం పెట్టుకుంటారు, లక్ష్మీరోడ్డులో చీరలు కొంటారు. అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న ఈ మ్యూజియంలోకి వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లి రావాలి. అందులో ఉన్నవి మన అమ్మమ్మ ఇంట్లోనూ ఉండేవే. అవి ఇప్పుడు మన ఇళ్లలో ఎందుకు లేవు, ఆయన దగ్గర ఎందుకు ఉన్నాయి అన్న ప్రశ్న వేసుకుంటే సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు తెలిసొచ్చేది చాలా ఉంది.

కవి, వ్యాపారి, సేకర్త

కేళ్కర్ 1896 జనవరి 10న పుట్టారు. మరాఠీలో 'అజ్ఞాతవాసి' అనే పేరుతో కవిత్వం రాశారు. చరిత్ర మీద మోజు ఎక్కువ. ఆ మోజే 1920 ప్రాంతంలో ఆయన్ని పాత వస్తువుల వైపు నడిపించింది. పేష్వాల ఊళ్లో బతికిన చరిత్రాభిమాని మొదట కత్తులు, డాళ్ల వెంట పడతాడనే ఎవరైనా అనుకుంటారు. ఆయుధాలు ఆయన సేకరణలోనూ ఉన్నాయి. కానీ మ్యూజియానికి పేరు తెచ్చినవి అవి కాదు.

దీపాలు. నేలమీద పెట్టే సెమ్మెలు, గొలుసుతో వేలాడే దీపాలు, గూట్లో పెట్టే బుడ్లు. అడకత్తెరలు. చిలక ఆకారంలో ఒకటి, గుర్రం ఆకారంలో ఒకటి, ఆలుమగల జంటగా ఒకటి. తమలపాకుల పెట్టెలు, సున్నపుకాయలు, కుంకుమ భరిణెలు, దువ్వెనలు, సిరాబుడ్లు, తాళాలు. స్నానానికి కూర్చున్నప్పుడు కాళ్ల పగుళ్లు రుద్దుకునే ఇత్తడి 'వజ్రీ'లు. వంటింటి పాత్రలు, పిల్లల ఆటబొమ్మలు, తోలుబొమ్మలు, వాద్యాలు, చెక్కిన తలుపులు, కిటికీలు. ఎక్కువ భాగం 18, 19 శతాబ్దాలవి. చాలావాటి మీద చేసినవాడి పేరు ఉండదు. అవి చేసినవాళ్లు ఊళ్లోని కంచరివాళ్లు, కమ్మరివాళ్లు, వడ్రంగులు. వాడినవాళ్లు ఇంటి ఆడవాళ్లు.

అదే ఆయన గొప్పతనం అని నా అభిప్రాయం. ఆ రోజుల్లో మ్యూజియం అంటే దేవతా విగ్రహాలు, రాజుల కిరీటాలు, నాణేలు, శాసనాలు. అడకత్తెరను అద్దాల పెట్టెలో పెడతామంటే నవ్వేవాళ్లు. వక్కలు కత్తిరించుకునే సామానుకు చరిత్ర ఏమిటి? కేళ్కర్ దాన్ని వేరేగా చూశారు. వక్క కత్తిరించడానికి రెండు ఇనుప రేకులు, ఒక మేకు చాలు. దానికి చిలక ముక్కు పెట్టమని ఎవరూ అడగలేదు. అయినా ఆ కమ్మరి పెట్టాడు. రోజూ చేతిలోకి తీసుకునే వస్తువు ముచ్చటగా ఉండాలన్న ఆశ రాజుగారి కొలువులో ఎంత ఉందో పల్లెటూరి అరుగు మీదా అంతే ఉంది. దానికి సాక్ష్యాలు పోగు చేయడంలోనే ఆయన జీవితం గడిచింది.

కొడుకు పేరు

ఇంతలో ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. కొడుకు రాజా పసితనంలోనే చనిపోయాడు. పిల్లవాడు పోయిన ఇంట్లో తల్లిదండ్రుల పరిస్థితి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. కొందరు గుడి కట్టిస్తారు, కొందరు బావి తవ్విస్తారు, కొందరు బడికి డబ్బిస్తారు. కేళ్కర్ దంపతులు తమ సేకరణకు ఆ బిడ్డ పేరు పెట్టారు. భార్య కమలాబాయి ఈ పనిలో ఆయనకు సగపాలు. ఊరూరూ తిరిగే భర్త, ఆదాయం అంతంతమాత్రం, ఇంటినిండా పాత సామాను. ఆమె సాయం లేకపోతే ఇందులో ఏదీ నిలిచేది కాదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పేరు కొడుకుది పెట్టినా, సేకరణను కుటుంబ ఆస్తిగా ఉంచుకోలేదు. 1960 తర్వాత, తాను బతికుండగానే, మొత్తం సేకరణను మహారాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించారు. ఆ తర్వాత కూడా దేశం తిరగడం, వస్తువులు తేవడం మానలేదు. 1990 ఏప్రిల్ 17న ఆయన కన్నుమూసేనాటికి మ్యూజియం ఆయన లేకపోయినా నడిచే స్థితికి వచ్చింది. ఈరోజు అక్కడ 20 వేలకు పైగా వస్తువులు ఉన్నాయి. చోటు చాలక చూపిస్తున్నవి సుమారు 2,500. అంటే ఎనిమిదో వంతు. మిగతావి గోడౌన్లో ఉన్నాయి. అయినా పోలేదు, లెక్కలో ఉన్నాయి.

ఆయన తెచ్చినవాటిలో ఒకటి పెట్టెలో పట్టేది కాదు. మొదటి బాజీరావు పేష్వా 1734లో కోత్రూడ్‌లో మస్తానీ కోసం ఒక మహలు కట్టించారు. అది పాడుబడిపోతే దాని చెక్క పనిని విప్పించి తెచ్చి మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. ఈరోజు కోత్రూడ్‌లో ఆ మహలు లేదు. మ్యూజియంలో 'మస్తానీ మహల్' పేరుతో గది ఉంది. కేళ్కర్ ఆ పని చేయకపోతే ఆ కొయ్య ఏ పొయ్యిలోకి పోయేదో!

పుణెలో పుట్టిన ఒకాయన

సేకరణ, మ్యూజియం అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పుట్టింది పుణెలోనే. 1889 జూన్ నెలలో. పుట్టిన కొద్ది వారాలకే తండ్రి పోయారు. 1912 నుంచి 1914 వరకు నిజాం దగ్గర దివానుగా పనిచేసి, ఆ పదవి వదిలేశాక మిగిలిన జీవితమంతా కళావస్తువుల మీదే గడిపారు. జాగీరు ఆదాయం ఉంది. ఐరోపా నుంచి, పర్షియా నుంచి, చైనా నుంచి ఏది కావాలంటే అది వచ్చేది. తాతగారు మొదటి సాలార్‌జంగ్ తెచ్చిన 'ముసుగు రెబెకా' పాలరాతి బొమ్మ లాంటివి ఎలాగూ ఇంట్లోనే ఉన్నాయి.

ఆయన పెళ్లి చేసుకోలేదు. 1949 మార్చి 2న పోయారు. నేరుగా వారసుడు లేడు. దివాన్ దేవిడీ నిండా వేల వస్తువులు. హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసి ఆర్నెల్లయినా కాలేదు. ఆ గందరగోళంలో ఆ సామాను నాలుగు దిక్కులకు పోవడానికి ఎంతసేపు? పోలేదు. ప్రభుత్వం జోక్యం చేసుకుని, కమిటీ వేసి, వస్తువుల్ని ఒక దారికి తెచ్చింది. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. బంధువులతో వ్యవహారం తేల్చుకున్నాక 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. అంటే ఆయన పోయాక దాదాపు 20 ఏళ్లకు అది ఒక కొలిక్కి వచ్చింది.

ఇద్దరూ సేకర్తలే. ఇద్దరి పేర్లూ నిలిచాయి. కానీ ఒక తేడా ఉంది. సాలార్‌జంగ్ సేకరణను కాపాడింది ఆయన పోయాక ప్రభుత్వం, కోర్టు, పార్లమెంటు. అంత పెద్ద సేకరణ కాబట్టి అందరూ కదిలారు. మామూలు మనిషి పోగు చేసిన దీపపు సెమ్మెల కోసం పార్లమెంటు కూర్చోదు. ఆ సంగతి కేళ్కర్‌కు తెలిసినట్టుంది. అందుకే తన కళ్లముందే అప్పగింత పూర్తి చేశారు. సేకరించడం సగం పని. ఎవరికి, ఏ షరతు మీద, ఏ లెక్కతో అప్పగిస్తున్నామన్నది మిగతా సగం. మనలో సేకరించే మోజున్నవాళ్లు అక్కడక్కడా ఉన్నారు. ఆ రెండో సగం దగ్గరే వ్యవహారం తెగిపోతోంది. పెద్దాయన ఉన్నన్నాళ్లు గదినిండా ఉంటాయి. ఆయన పోయిన ఏడాదికి ఆ గది అద్దెకు పోతుంది.

ఊళ్ల నుంచి ఊడ్చుకెళ్లడం కాదా?

దీనికి ఎదురు వాదన ఉంది. అది తీసిపారేయాల్సింది కాదు. వస్తువును దాని ఇంటి నుంచి, ఊరి నుంచి ఊడబెరికి నగరంలో అద్దాల వెనక పెడితే దాని ప్రాణం పోతుందని కొందరంటారు. దీపం వెలగాలి, తలుపు తెరుచుకోవాలి, వాద్యం మోగాలి, అది లేనప్పుడు అది ఎండిన పువ్వే కదా అని. పైగా పాత వస్తువుల వ్యాపారంలో మోసాలు తక్కువేం కాదు. పేదవాడి దగ్గర పది రూపాయలకు కొన్న గంగాళం పెద్ద హోటల్లో అలంకారంగా పదివేలకు తేలుతుంది. గుళ్ల నుంచి విగ్రహాలు మాయమవుతాయి.

నిజమే. కానీ వస్తువు ఇంట్లో వాడకంలో ఉన్నంతకాలం దాన్ని ఎవరూ మ్యూజియానికి ఇవ్వమనడం లేదు. వాడకం ఆగిపోయాక ఏం జరుగుతోందన్నదే ప్రశ్న. పాత ఇత్తడికి స్టీలు గిన్నెలిచ్చేవాడు వీధిలోకి వస్తాడు. తూకం వేస్తాడు. నాలుగు తరాలు అన్నం వండిన గుండిగ ఆ సాయంత్రానికే కరిగించే కొలిమికి దారి పడుతుంది. కొయ్య సామాను కట్టెల కింద పోతుంది. కాగితాలు పొట్లాల కింద పోతాయి. కాబట్టి పోటీ ఇల్లూ, మ్యూజియమూ మధ్య కాదు. కొలిమికీ, మ్యూజియానికీ మధ్య.

ఇక వ్యాపారం సంగతి. పురావస్తువులు, కళానిధుల చట్టం 1972లో వచ్చింది. దాని ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు వంటి కొన్ని రకాలకు మాత్రం రిజిస్ట్రేషన్ చేయించాలి. లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం కూడదు. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. ఎక్కడిదో చెప్పలేని విగ్రహం జోలికి అసలు పోకూడదు. ఈ నాలుగు మాటలు గుర్తుంటే నిజాయితీగా సేకరించేవాడికి భయపడాల్సిన పని లేదు.

మాట పోయే దారి

ఇప్పుడు మన సంగతికి వద్దాం. సోలాపూర్‌లో పద్మశాలీలు తరాలుగా ఉన్నారు. తెలంగాణ ఊళ్ల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చి, ఆ ఊరి చాదర్‌కు దేశమంతా పేరు తెచ్చినవాళ్లలో ముందు వరసలో నిలిచారు. ముంబైలో కామాఠీపురా అన్న పేరే నిజాం రాజ్యం నుంచి వెళ్లి రాళ్లెత్తిన మన కూలీల వల్ల వచ్చింది. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి 1936 దాకా మద్రాసు రాష్ట్రంలోవే. బళ్లారి 1953లో మైసూరు వైపు వెళ్లింది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల కింద ఉంది. హోసూరు సంగతి చెప్పనక్కర్లేదు. కొందరిని ఊరు దాటించింది పని. మరికొందరు ఊరు దాటలేదు, సరిహద్దే వాళ్లను దాటింది.

ఇలాంటి చోట వస్తువుకు ఉన్న విలువ వేరు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక ఇంట్లో కవ్వం పోతే కవ్వం అన్న మాట పోదు. బళ్లో పుస్తకంలో ఉంటుంది, సినిమాలో వినపడుతుంది. మన పిల్లలు చదివేది మరాఠీలోనో, కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, ఇంగ్లీషులోనో. తెలుగు వాళ్లకు ఇంటి భాష. ఇంటి భాషలోని మాటలు ఇంట్లోని వస్తువులకు అంటుకుని ఉంటాయి. రాట్నం అటకెక్కితే కండె అన్న మాట అటకెక్కుతుంది. మగ్గం అమ్మేస్తే నాడె అన్న మాట, ఆసు పోయడం అన్న మాట దాంతోపాటే పోతాయి. కత్తిపీట, సెమ్మె, మరచెంబు, గంగాళం... ఒక్కొక్క వస్తువు గడప దాటినప్పుడల్లా ఒక్కొక్క మాట దాని వెంటే పోతోంది.

అడకత్తెరనే తీసుకోండి. మరాఠీలో 'అడకిత్తా' అంటారు. కన్నడంలో వక్కను 'అడకె' అంటారు, కత్తిరించేదాన్ని 'అడకత్తరి' అంటారు. మూడు భాషలవాళ్లు ఒకే అరుగు మీద కూర్చుని వక్కాకు నమిలారనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి? అడకత్తెరలో పోకచెక్క అన్న సామెత మన పిల్లలకు ఇంకా తెలుసు. రెండు రాష్ట్రాల మధ్య, రెండు భాషల మధ్య నలిగే మనకు అది బాగా సరిపోతుంది కూడా. కానీ అడకత్తెర ఎలా ఉంటుందో చూపించమంటే ఇంట్లో లేదు. పుణె మ్యూజియంలో ఉంది, మరాఠీ పేరుతో. అది కేళ్కర్ తప్పు కాదు. ఆయన తన భాషలో చీటీ రాసుకున్నారు. మన భాషలో చీటీ రాయాల్సింది మనం.

కాగితాల సంగతి ఇంకా అన్యాయం. తాతల కాలం జమాఖర్చుల పుస్తకాలు, పెళ్లి శుభలేఖలు, తెలంగాణ నుంచి, కోస్తా నుంచి వచ్చిన ఉత్తరాలు, నాటక సమాజాల కరపత్రాలు, భజన మండళ్ల రాతపుస్తకాలు, యానాంలో ఫ్రెంచి కాలం దస్తావేజులు. ఇవి చదవగలిగే పెద్దవాళ్లు ఇంట్లో ఒకరో ఇద్దరో మిగిలారు. వాళ్ల తర్వాత ఆ కట్ట విప్పేవాడికి అది ఏ భాషో కూడా తెలియకపోవచ్చు. తెలియని భాషలో ఉన్న కాగితాన్ని ఎవరు దాస్తారు?

ఒక దొరగారి లెక్క

తెలుగు విషయంలో అప్పగింత అంటే ఏమిటో చేసి చూపించినవాడు ఒక తెల్లదొర. సి.పి.బ్రౌన్ 1820లో కడప వచ్చేనాటికి మన కావ్యాలు తాళపత్రాల్లో చెదలు తింటున్నాయి. ఆయన వాటిని వెతికించి, పండితులకు సొంత జీతంలోంచి డబ్బిచ్చి, ప్రతులు రాయించి, తప్పులు దిద్దించారు. అప్పులు చేశారు. అంతా చేసి తన వెంట సీమకు పట్టుకుపోలేదు. మద్రాసులో ఒక సంస్థకు అప్పగించారు. ఆ ప్రతులు తర్వాత ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. తెలుగు సాహిత్యం మీద పరిశోధన చేసేవాళ్లు ఇప్పటికీ చెన్నై వెళ్లి వాటిని చూస్తున్నారు. ఆయన నివాసం ఉన్న కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో బ్రౌన్ పేరిట గ్రంథాలయం వచ్చింది. ఒక మనిషి లెక్క రాసి అప్పగించినందువల్ల దాదాపు రెండు వందల ఏళ్లుగా పదిమందికి పని దొరుకుతోంది.

కర్ణాటకలో మరొకాయన ఉన్నారు. మణిపాల్‌లో విజయనాథ్ షెణై. ఆయన బ్యాంకు ఉద్యోగి. పాత ఇళ్లు కూలగొడుతుంటే చూడలేక, వాటిని విప్పించి, కొయ్యకు కొయ్య తెచ్చి, ఒక చోట మళ్లీ కట్టించి ఏకంగా ఒక ఊరే నిలబెట్టారు. 2017లో పోయారు. ఆ ఊరు ఉంది, జనం వెళ్లి చూస్తున్నారు. పుణెలో కళ్లద్దాల వ్యాపారి, మణిపాల్‌లో బ్యాంకు ఉద్యోగి. ఈ పనికి జాగీరు అక్కర్లేదని చెప్పడానికి ఈ ఇద్దరు చాలు.

మనం చేయగలిగింది

అయితే మనం కూడా ఓ పెద్ద మ్యూజియం కట్టేద్దామని నేను అనడం లేదు. ముందు భవనం, తర్వాత వస్తువులు అనుకున్న చోట శంకుస్థాపన రాయి మాత్రమే మిగిలిన సంగతి మనకు కొత్త కాదు. కేళ్కర్ దారి వేరు. వస్తువు ముందు, గది తర్వాత, భవనం ఆఖర్న.

మన దగ్గర గదులకు కొదవ లేదు. దాదాపు ప్రతి ఊళ్లోనూ తెలుగు సంఘం ఉంది, కుల సంఘం ఉంది, కల్యాణ మండపం ఉంది, రామమందిరం ఉంది, పాత తెలుగు బడి ఉంది. ముహూర్తాలు లేని రోజుల్లో అందులో సగం తాళం వేసే ఉంటాయి. ఒక్క గది ఇస్తే చాలు. చెమ్మ లేని గది, చెదలు పట్టని బీరువాలు, గట్టి తాళం.

రెండోది పుస్తకం. వచ్చిన ప్రతి వస్తువుకు ఒక నంబరు. ఏ ఇంటి నుంచి వచ్చింది, ఏ ఊరి నుంచి ఆ ఇంటికి వచ్చింది, దేనికి వాడేవాళ్లు, ఇంట్లో దాన్ని ఏమని పిలిచేవాళ్లు. ఈ చివరి ముక్క చాలా ముఖ్యం. సోలాపూర్‌లో ఒక పేరు ఉంటుంది, బరంపురంలో ఇంకో పేరు ఉంటుంది. నిఘంటువులో లేకపోయినా సరే, వాళ్లన్నట్టే రాయాలి. చీటీ లేని వస్తువు పాత సామాను కింద లెక్క. చీటీ ఉంటేనే అది చరిత్ర. ఈ రోజుల్లో ఫోటో తీయడానికి ఖర్చు కూడా లేదు. జేబులో ఫోను ఉంది. వస్తువు ఇవ్వడం ఇష్టం లేనివాళ్ల దగ్గర బలవంతపెట్టక, ఫోటో తీసుకుని, ఆ పెద్దావిడ చెప్పిన నాలుగు మాటలు రికార్డు చేసుకుని రావచ్చు. కాగితాలకైతే అది ఇంకా తేలిక. అసలు వాళ్ల దగ్గరే ఉంటుంది, నకలు మన దగ్గర ఉంటుంది.

మూడోది, అందరూ వాయిదా వేసేది, అప్పగింత. ఈ వస్తువులు ఎవరివి? సంఘం అధ్యక్షుడివా, గది ఇచ్చినాయనవా, ఊరందరివా? మొదటి రోజే కాగితం మీద తేల్చుకోవాలి. ట్రస్టు రిజిస్టర్ చేయించాలి. సంఘం చీలితే ఏమవుతుంది, గది పోతే ఏమవుతుంది, నడిపేవాళ్లు లేకపోతే ఏ విశ్వవిద్యాలయానికో, ఏ ప్రభుత్వ మ్యూజియానికో ఇవ్వాలా అన్నది ముందే రాసుకోవాలి. మన సంఘాల్లో ఎన్నికలు, అలకలు, చీలికలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. దీపపు సెమ్మె మాత్రం ఏ వర్గానిదీ కాకూడదు.

ప్రభుత్వం చేయాలి కదా అని అడిగేవాళ్లుంటారు. చేయాలి. భాషా అల్పసంఖ్యాకులకు తమ భాషను, సంస్కృతిని కాపాడుకునే హక్కు రాజ్యాంగం 29వ అధికరణలోనే ఉంది. అయినా ఏ ప్రభుత్వమూ మన అటక మీదికి ఎక్కి గంగాళం దింపదు. మహారాష్ట్ర ప్రభుత్వం కేళ్కర్ సేకరణను తీసుకుందంటే, తీసుకోవడానికి ఒకటంటూ ఉంది కాబట్టే. వేల వస్తువులు, నలభై ఏళ్ల శ్రమ కళ్లముందు పెట్టిన మనిషికి కాదనడం ఎవరికైనా కష్టం. ఖాళీ చేతులతో వెళ్లి మ్యూజియం కావాలని వినతిపత్రం ఇస్తే దాని మీద రబ్బరు స్టాంపు పడుతుంది, అంతే.

ఆడవాళ్లకు ఒక మాట. ఇంట్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఆఖరికి తేల్చేది మీరే. పండగ ముందు అటక దులిపినప్పుడు ఇత్తడి సామాను బయటికి తీస్తారు. స్టీలు గిన్నెలవాణ్ణి కేకేసే ముందు ఒక్క పూట ఆగండి. అత్తగారినో అమ్మనో కూర్చోబెట్టి ఒక్కొక్కదాని పేరు అడగండి. పిల్లల చేత రాయించండి, తెలుగు రాకపోతే మరాఠీ లిపిలోనో కన్నడ లిపిలోనో అయినా సరే. పేరు రాసిపెట్టాక కూడా అమ్మాలనిపిస్తే అది మీ ఇష్టం.

కేళ్కర్‌కు ఆ బిడ్డ బతికి ఉంటే సేకరణకు ఏ పేరు పెట్టేవారో మనకు తెలియదు. కానీ ఆయన చేసింది ఏ తండ్రయినా చేయాలనుకునేదే. తన తర్వాత కూడా ఆ పేరు నలుగురి నోట ఉండాలనుకున్నారు. అందుకు తన ఇంటి సామాను, పక్కింటి సామాను, ఊరి సామాను, దేశం సామాను అన్నీ ఒక చోట చేర్చి ఆ పేరు కింద పెట్టారు. పుణెలో ఆ బోర్డు చదివే ప్రతి మనిషీ ఎప్పుడో పోయిన ఆ పసివాడి పేరు పలుకుతున్నాడు. మన దగ్గర పోతున్నది ఒక్క పేరు కాదు, ఇంటినిండా పేర్లు. వాటిని పలకగలిగే పెద్దవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వచ్చే పండగకు వాళ్లలో ఎంతమంది మిగిలి ఉంటారో చెప్పలేం. పుస్తకం, పెన్ను ఈ ఆదివారమే తీయాలి.